తొండకు ఎండ, అడవి బల్లికి నీడ

తొండ తెలియని వాళ్లు లేరు. కంచె మీద కూర్చుని తల ఆడిస్తుంది. బల్లి ట్యూబులైటు పక్కన పురుగు కోసం కాచుకుని ఉంటుంది. ఉడుము పొలం గట్ల మీద, బండల సందుల్లో తిరుగుతుంది. నలికిరి ఎండుటాకుల కింద సర్రున జారిపోతుంది. దాన్నే కొందరు నలికండ్ల పాము అంటారు. ఊసరవెల్లి అడవిలో కొమ్మ పట్టుకుని మెల్లగా నడుస్తుంది. ఇవన్నీ బల్లి జాతివే. ప్రపంచం మొత్తం మీద ఇలాంటివి 7,000 రకాలకు పైగా ఉన్నాయి.

తొండ ముదిరితే ఊసరవెల్లి అవుతుందని మనవాళ్లు సామెత చెప్తారు. సామెత మనుషుల గురించి చెప్పింది. నిజానికి తొండ ఎంత ముదిరినా తొండే. ఊసరవెల్లి వేరే జంతువు. దాని కాళ్లు, కళ్లు, నాలుక అన్నీ వేరు.

ఇంత పెద్ద జాతికి ఇప్పుడొక కష్టం వచ్చింది. భూమి వేడెక్కుతోంది. అయితే ఆ కష్టం అన్ని బల్లులకూ ఒకలాగ లేదు. ఎండలో తిరిగే తొండ కంటే, ఎండ మొహం ఎరగని అడవి బల్లికి ముప్పు ఎక్కువ. తొండ ఎండలో ఉంటుంది కదా, దానికే కదా దెబ్బ తగలాలి? అలా అనిపిస్తుంది. కానీ సంగతి తిరగబడి ఉంది. ఎందుకో తెలియాలంటే ముందు బల్లి ఒళ్లు ఎట్లా పని చేస్తుందో తెలియాలి.

ఒంట్లో పొయ్యి లేని జంతువు

మనిషి ఒళ్లు ఎప్పుడూ ఒకే వెచ్చదనంలో ఉంటుంది. సంక్రాంతి చలిలోనూ 37 డిగ్రీలే. రోహిణి కార్తె ఎండలోనూ 37 డిగ్రీలే. రెండు డిగ్రీలు పెరిగితే జ్వరం అంటాం. మందు బిళ్ల వేసుకుంటాం. ఆ వెచ్చదనం తిన్న తిండి నుంచి వస్తుంది. తిండి కట్టెల్లాంటిది, ఒళ్లు పొయ్యి లాంటిది. ఆవు, మేక, కోడి, పిచ్చుక, వీటి ఒంట్లో కూడా అలాంటి పొయ్యి ఉంది.

బల్లి ఒంట్లో పొయ్యి లేదు. బయట ఎంత వేడి ఉంటే దాని ఒళ్లు ఇంచుమించు అంతే వేడిగా ఉంటుంది. అందుకే చలికాలం పొద్దున తొండ కదలలేదు. పిల్లలు దగ్గరికి పోయినా పరుగెత్తలేదు. ఎండ పొడ తగిలే రాయి మీదికి చేరి ఒళ్లు కాచుకుంటుంది. ఒళ్లు వెచ్చబడ్డాక చీమల్ని, పురుగుల్ని పట్టి తింటుంది. మధ్యాహ్నం రాయి పెనంలా కాలుతుంది. అప్పుడు పొదలోకి దూరుతుంది. సాయంత్రం మళ్లీ బయటికి వస్తుంది. ఎండలో కాసేపు, నీడలో కాసేపు. దాని రోజంతా ఇదే.

పొయ్యి లేకపోవడంలో లాభం ఉంది. కట్టెలు ఎక్కువ అక్కర్లేదు. కోడికి రోజూ గింజలు కావాలి. ఉడుము ఒకసారి కడుపు నిండా తింటే కొన్నాళ్లు ఆగగలదు. నష్టమూ ఉంది. మనకు ఎండలో చెమట పడుతుంది. చెమట ఆరితే ఒళ్లు చల్లబడుతుంది. బల్లికి చెమట పట్టదు. దానికి తెలిసిన ముఖ్యమైన ఉపాయం ఒక్కటే. నీడకు పోవాలి, లేదంటే బొరియలో దూరాలి. ఒళ్లు మరీ కాలితే బల్లి చచ్చిపోతుంది. చాలా రకాలు 45 డిగ్రీల ఒంటి వేడి దాటితే బతకవు. అడవి నీడలో పెరిగినవి అంతకు ముందే పోతాయి.

పని వేళ తగ్గితే

ప్రగతి నగర్, నిజాంపేట, బాచుపల్లి, మియాపూర్ వైపు ఎన్నో అపార్ట్‌మెంట్లు కడుతున్నారు. ఇటుకలు మోసే ఆడవాళ్లకు, ఇసుక జల్లించే ఆడవాళ్లకు మే నెల ఎండ సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు. పొద్దున్నే పని మొదలు పెడతారు. పన్నెండు దాటాక పని సాగదు. నీడ చూసుకుని కూర్చుంటారు. కూర్చున్న గంటలకు కూలి రాదు. ఎండ దెబ్బ తగలకపోయినా ఇంట్లో బియ్యం తగ్గుతాయి.

తొండకూ అంతే. ఎండ ముదిరిందంటే అది వెంటనే చచ్చిపోదు. నీడలో దాక్కుంటుంది. దాక్కున్నంత సేపు తిండి లేదు. ఇదివరకు రెండు గంటలు దాక్కునేది. ఇప్పుడు నాలుగైదు గంటలు దాక్కోవాల్సి వస్తే పురుగులు పట్టే వేళే పోతుంది. ఆడ తొండకు గుడ్లు కట్టాలంటే బలం కావాలి. తిండి చాలకపోతే గుడ్లు తగ్గుతాయి. గుడ్లు తగ్గితే వచ్చే ఏడు పిల్లలు తగ్గుతాయి. ఇట్లా పదేళ్లు జరిగితే ఆ చోట బల్లి కనపడదు. చచ్చిన బల్లులు కుప్పలుగా ఎక్కడా పడి ఉండవు. అందుకే ఎవరికీ తెలియదు. ఇది చాటుగా జరిగే నష్టం.

రాత్రి వేడి ఇంకో దెబ్బ. రాత్రి చల్లగా ఉంటే బల్లి ఒళ్లు చల్లబడుతుంది. ఒంట్లో ఉన్న కాస్త కొవ్వు ఖర్చు కాదు. రాత్రి కూడా ఉక్కగా ఉంటే, ఊరికే పడుకున్నా ఆ కొవ్వు కరుగుతుంది. పగలు సంపాదన లేదు, రాత్రి ఖర్చు ఆగదు.

ఈ లెక్కను కొందరు శాస్త్రవేత్తలు మెక్సికో దేశంలో చేసి చూశారు. అమెరికాకు ఆనుకుని, దక్షిణాన ఉన్న దేశం అది. అక్కడ 1975 తర్వాత 200 చోట్ల 48 రకాల బల్లుల్ని చూసి రాసుకున్నారు. తర్వాత కొన్నేళ్లకు మళ్లీ అవే చోట్లకు పోయారు. నూటికి 12 చోట్ల బల్లులు లేవు. చెట్లు నరికారేమో అని చూశారు. నరకలేదు. రాళ్లు, పొదలు, పురుగులు అన్నీ ఉన్నాయి. బల్లి మాత్రం లేదు. అప్పుడు బల్లి ఒళ్లు ఎండలో ఎంత వేడెక్కుతుందో అంతే వేడెక్కే చిన్న పరికరాలు చేశారు. లోపల ఉష్ణమాపకం పెట్టారు. ఎండలో, నీడలో ఉంచి గంట గంటకూ కొలిచారు. బల్లులు గుడ్లు కట్టే నెలల్లోనే ఎండ పెరిగిందని తేలింది. అవి తిండికి పోలేక ఇంట్లోనే ఉండిపోయాయి. 2010లో ఈ సంగతి ప్రకటించారు. ఎండలు ఇట్లాగే పెరిగితే 2080 నాటికి ప్రపంచంలో ప్రతి అయిదు రకాల బల్లుల్లో ఒకటి అంతరించవచ్చని కూడా లెక్క కట్టారు.

అక్కడే ఇంకో సంగతి తెలిసింది. బల్లుల్లో కొన్ని గుడ్లు పెట్టవు, కడుపులోనే మోసి పిల్లల్ని కంటాయి. అలాంటి వాటికి దెబ్బ ఇంకా ఎక్కువ తగిలింది. అవి చల్లని కొండల మీద ఉండేవి. కడుపుతో ఉన్న తల్లికి ఎండ పడదు. అది ఏ తల్లికైనా అంతే.

అడవి బల్లికి ఎందుకు ఎక్కువ ముప్పు

మన హైదరాబాదు తొండ ఎండకాలం 40 డిగ్రీల పైన ఎండ చూస్తుంది. డిసెంబరు తెల్లవారుజామున 10, 12 డిగ్రీల చలి చూస్తుంది. అటూ ఇటూ తట్టుకోవడం దానికి అలవాటు. దాని చుట్టూ రాయి ఉంది, పొద ఉంది, కంత ఉంది. ఒకచోట వేడి అయితే ఇంకోచోటికి పోతుంది.

ఎప్పుడూ వాన పడే దట్టమైన అడవి అట్లా కాదు. అక్కడ ఏడాది పొడుగునా ఒకే రకం వేడి. చెట్ల గొడుగు కింద ఎండ నేల మీద పడదు. అక్కడి బల్లి తరతరాలుగా ఆ నీడలోనే పుట్టింది. ఎండ కాచుకోవడం తెలియదు. అవసరం కూడా లేదు. దాని ఒంటికి ఏ వేడి సరిపోతుందో అడవిలో ఇంచుమించు అదే వేడి ఉంటుంది. అంచు దాకా నీళ్లు నిండిన బిందెలాంటిది దాని పరిస్థితి. సగం నిండిన బిందెలో ఇంకో చెంబు పోసినా ఏమీ కాదు. నిండిన బిందెలో గ్లాసెడు పోస్తే చాలు, పొర్లిపోతుంది. ఒకటి రెండు డిగ్రీలు పెరిగితే అడవి బల్లికి అదే జరుగుతుంది.

తొండ నీడకు పోతుంది. అడవి బల్లి ఉన్నదే నీడలో. ఆ నీడే వేడెక్కితే అది ఎక్కడికి పోవాలి?

కరీబియన్ సముద్రంలో ప్యూర్టోరికో అనే దీవి ఉంది. రేమండ్ హ్యూయీ అనే అమెరికా శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్లు అక్కడి బల్లుల మీద పని చేసి 2009లో ఈ మాటే రాశారు. అక్కడ రెండు రకాల బల్లులు దగ్గర దగ్గరగా ఉంటాయి. ఒకటి బయలులో ఎండ కాచుకునేది. రెండోది అడవి లోపలి నీడలో ఉండేది. అడవి వేడెక్కితే నీడ బల్లికి రెండు వైపులా కష్టం. ఒకటి, దాని ఒళ్లు తట్టుకోదు. రెండు, ఇన్నాళ్లూ చల్లగా ఉందని అడవిలోకి రాని ఎండ బల్లి ఇప్పుడు లోపలికి వస్తుంది. తిండికి పోటీ పడుతుంది.

కొండ మీది బల్లులకు ఇంకో దారి ఉంది. కింద వేడిగా ఉంటే పైకి ఎక్కవచ్చు. పైన చల్లగా ఉంటుంది. కానీ కొండకు కొన ఉంటుంది. కొన దాటాక ఎక్కడానికి ఏమీ ఉండదు.

కోస్టారికా దేశంలో లా సెల్వా అనే అడవి ఉంది. అక్కడ నేల మీద రాలిన ఆకుల్లో కప్పలు, బల్లులు బతుకుతాయి. వాటిని 1970 నుంచి 35 ఏళ్ల పాటు లెక్క పెట్టారు. నాలుగింట మూడు వంతులు తగ్గిపోయాయి. అది కాపాడుతున్న అడవి. ఎవరూ గొడ్డలి పెట్టలేదు. వాతావరణం మారి, నేల మీద ఆకుల పొర పలచబడి ఉంటుందని శాస్త్రవేత్తలు అనుకుంటున్నారు. ఎండుటాకులు మన కంటికి చెత్త. బల్లికి అవే ఇంటి కప్పు.

తిరుమల బంగారు బల్లి

అంత దూరం పోనక్కర్లేదు. తెలుగు నేల మీద కూడా నీడను నమ్ముకున్న బల్లి ఒకటి ఉంది. అది తిరుమల శేషాచలం కొండల్లో ఉంది. పేరు బంగారు బల్లి. గుడ్లు పెట్టే కాలంలో మగ బల్లి పచ్చని బంగారు రంగుకు తిరుగుతుంది. అందుకే ఆ పేరు. కంచి గుడిలో బంగారు బల్లి బొమ్మ ఉంది. ఒంటి మీద బల్లి పడిన దోషం పోవాలని జనం దాన్ని ముట్టుకుంటారు. తిరుమల కొండల్లోది బొమ్మ కాదు, ప్రాణం ఉన్న బల్లి. ఏ బల్లి పడినా దోషం ఏమీ లేదనుకోండి.

1870లో బెడ్డోమ్ అనే ఆంగ్లేయుడు ఈ బల్లి గురించి మొదట రాశాడు. ఆ తర్వాత వంద ఏళ్లకు పైగా దాని ఊసే లేదు. 1980ల నడుమ బొంబాయి నుంచి వచ్చిన ప్రకృతి శాస్త్రవేత్తలు దాన్ని మళ్లీ తిరుపతి కొండల్లో చూశారు. తర్వాత తూర్పు కనుమల్లో ఇంకొన్ని చోట్ల కూడా కనపడింది. దాన్ని వన్యప్రాణి చట్టం కింద కాపాడుతున్నారు. 2010లో శేషాచలం కొండల్ని జీవావరణ రక్షిత ప్రాంతంగా ప్రకటించారు.

ఈ బల్లి పగలు కనపడదు. వాగుల పక్కన, చీకటి రాతి సందుల్లో, గుహల్లో ఉంటుంది. రాత్రి బయటికి వచ్చి పురుగులు తింటుంది. గట్టిగా అరుస్తుంది కూడా. గుడ్లను రాతి గోడకు అంటించి పెడుతుంది. చాలా తల్లులు ఒకే చోట పెడతాయి. మంచి చోటు దొరకడం కష్టం కాబట్టి అందరికీ అదే పురుడు గది. బయట బండ కాలుతున్నా సందు లోపల చల్లగా, తేమగా ఉంటుంది. ఆ చల్లదనం వాగు వల్ల, చెట్ల వల్ల వచ్చింది. వాగు తొందరగా ఎండితే సందులో తేమ పోతుంది. కొండ ఎండి ఉంటే నిప్పు తొందరగా అంటుకుంటుంది. 2014 మార్చిలో శేషాచలం అడవిలో పెద్ద మంటలు లేచాయి. ఆర్పడానికి వాయుసేన హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. ఎండి ఉన్న అడవికి బీడీ ముక్క అయినా చాలు.

తొండ ఒక కంచె పోతే ఇంకో కంచెకు పోతుంది. బంగారు బల్లి కొండ దిగి రోడ్డు దాటి ఇంకో కొండకు పోలేదు. నడుమ చల్లని సందులు లేవు.

వేడి ఎక్కడి నుంచి వచ్చింది

కరెంటు కోసం బొగ్గు కాలుస్తున్నారు. రామగుండంలో, కొత్తగూడెంలో, దేశదేశాల్లో కాలుస్తున్నారు. కార్లకు, లారీలకు పెట్రోలు, డీజిలు కాలుస్తున్నారు. దాని నుంచి బొగ్గుపులుసు వాయువు వస్తుంది. అది భూమి చుట్టూ దుప్పటిలా పరచుకుంటుంది. పగలు పడిన ఎండ వేడి రాత్రి ఆకాశంలోకి పోవాలి. దుప్పటి మందమైతే పోలేదు. 1901 నుంచి 2018 వరకు మన దేశంలో సగటు వేడి 0.7 డిగ్రీలు పెరిగింది. 2024లో భూమి సగటు వేడి, నూట యాభై ఏళ్ల కిందటి కంటే ఒకటిన్నర డిగ్రీ ఎక్కువ ఉంది. ఒకటిన్నర చిన్న అంకెలా కనపడుతుంది. మన ఒంటికి ఒకటిన్నర డిగ్రీ జ్వరం వస్తే చిన్నదంటామా?

ఊళ్లో ఇంకో వేడి కూడా తోడవుతుంది. 1998లో మాదాపూర్‌లో హైటెక్ సిటీ మొదలైంది. దాని చుట్టూ ఉన్న బండలు, కంచలు, పొదలు క్రమంగా పోయాయి. ఆ బండలు 250 కోట్ల ఏళ్ల నాటివి. వాటిని పేల్చి రోడ్లు, మేడలు కట్టారు. సిమెంటు, తారు పగలంతా వేడిని తాగి రాత్రి వదులుతాయి. బండ కూడా కాలుతుంది. కానీ బండకు సందు ఉంది, సందులో నీడ ఉంది, పక్కన సీతాఫలం పొద ఉంది. నున్నటి సిమెంటు గోడకు సందు లేదు. ఆ బండల మీద బండ తొండ ఉండేది. జత కట్టే కాలంలో మగది ఎర్రగా, నల్లగా మెరిసిపోతుంది. బండ పోయిన చోట అది లేదు. ఇది భూమి వేడెక్కడం వల్ల వచ్చింది కాదు. మనిషి చేత్తో చేసింది. అయితే బల్లికి రెండూ కలిసే తగులుతాయి. ఎండ పెరిగే రోజుల్లోనే నీడ తగ్గింది.

గచ్చిబౌలిలో హైదరాబాదు విశ్వవిద్యాలయం పక్కన 400 ఎకరాల కంచ ఉంది. 2025 మార్చి చివర అక్కడ యంత్రాలు పెట్టి చెట్లు కొట్టడం మొదలైంది. విద్యార్థులు అడ్డం తిరిగారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమని చెప్పింది. అప్పుడు పేపర్లలో నెమళ్లు, జింకల ఫొటోలు వచ్చాయి. తొండ ఫొటో ఎవరు వేస్తారు?

తొండ పోతే మనకేం? ఇది ఇళ్లలో అడిగే మాటే. తొండ, బల్లి, నలికిరి చీమల్ని, చెదల్ని, మిడతల్ని, దోమల్ని తింటాయి. వాటిని కాకులు, గద్దలు, పాములు తింటాయి. మన ఇళ్లలో తిరిగే బల్లికి, తొండకు, నలికిరికి విషం లేదు. బల్లి పడిన కూర పారబోయాల్సిందే. దాని ఒంటి మీద క్రిములు ఉంటాయి. అంతే కానీ అది విషం కాదు. పిల్లలు తొండను రాళ్లతో కొట్టడం చాలా ఊళ్లలో ఆట. ఉడుమును మాత్రం పట్టినా, చంపినా, అమ్మినా 1972 చట్టం కింద నేరం.

తొలకరి గుడ్లు

తొలకరి వానలు పడి నేల మెత్తబడ్డాక ఆడ తొండ చెట్టు దిగుతుంది. కాళ్లతో చిన్న గొయ్యి తవ్వుతుంది. పది, పదిహేను, ఇరవై దాకా గుడ్లు పెడుతుంది. మట్టి కప్పి, తలతో అదిమి, వెళ్లిపోతుంది. మళ్లీ తిరిగి చూడదు. పొదిగే పని నేలదే. తొండ గుడ్డు కోడిగుడ్డులా గట్టి పెంకుది కాదు. తోలులా మెత్తగా ఉంటుంది. మట్టిలోని తడిని పీల్చుకుని ఉబ్బుతుంది. ఆరేడు వారాలకు పిల్లలు బయటికి వస్తాయి. వాన ఆలస్యమైతే తల్లి గుడ్లు మోస్తూ తిరగాలి. గుడ్లు పెట్టాక వాన మొహం చాటేస్తే మట్టి ఎండి గుడ్లు ముడుచుకుపోతాయి.

ఇంకో వింత ఉంది. ధార్వాడలోని కర్ణాటక విశ్వవిద్యాలయంలో తొండ గుడ్లను వేరు వేరు వేడిలో ఉంచి చూశారు. ఒక వేడిలో ఆడ పిల్లలు ఎక్కువ పుట్టాయి. ఇంకో వేడిలో మగ పిల్లలు ఎక్కువ పుట్టాయి. అంటే నేల వేడి మారితే ఆడా మగా లెక్క కూడా మారవచ్చు. మనుషుల్లో అట్లా కాదు. బిడ్డ ఆడో మగో తేలేది తండ్రి నుంచి వచ్చే కణాన్ని బట్టి. ఆడపిల్లను కన్నదని కోడల్ని తిట్టే అత్తలు ఈ ముక్క చదవాలి. అది వేరే పాఠం.

ప్రగతి నగర్‌లో ఇంకా చెట్ల వీధులు ఉన్నాయి. అంబీర్ చెరువు ఉంది. గట్టు పక్కన మెత్తని మట్టి దొరికే చోటు తొండకు పనికొస్తుంది. ఇంటి ముందు నేలంతా సిమెంటు చేయకుండా చెట్టు చుట్టూ నాలుగడుగులు వదిలితే అక్కడ గొయ్యి తవ్వగలదు. రాలిన ఆకుల్ని ఊడ్చి తగలబెట్టే బదులు చెట్టు మొదట్లో పోస్తే కింద తడి నిలుస్తుంది, నలికిరి దాక్కుంటుంది. గోడ పక్కన పాత రాళ్ల కుప్ప ఉంటే మధ్యాహ్నం దాని సందుల్లో చల్లగా ఉంటుంది. తిరుమల కొండ సందుకు, ఈ రాళ్ల కుప్పకు పోలిక లేదు. బంగారు బల్లి ఇక్కడ బతకదు. దానికి ఆ కొండ, ఆ వాగు, ఆ చీకటే కావాలి. తొండకు మాత్రం మృగశిర కార్తె నాటికి జానెడు తడి మట్టి, పైన కాస్త నీడ దొరికితే ఈ ఏటి గుడ్లు పెట్టేస్తుంది.